వజ్రాలు కాపలా కాసిన తీరం

ఆస్ అనే చిన్న ఊళ్లో పెట్రోలు పోయించుకుని బయల్దేరితే ఇక 125 కిలోమీటర్ల దాకా బంకు లేదు. టీ కొట్టు లేదు. కాసేపు ఆగుదామంటే చెట్టు నీడ కూడా లేదు. నున్నటి తారు రోడ్డు, రెండు పక్కలా కనుచూపు మేర ఎడారి. మన దగ్గర పశువుల బొమ్మో, బడిపిల్లల బొమ్మో వేసి హెచ్చరిక బోర్డులు పెడతారు. ఇక్కడి బోర్డు మీద ఉండేది ఒకటే మాట... 'ఇసుక'. గాలి లేచిందంటే తిన్నెలు కదిలొచ్చి రోడ్డుకు అడ్డంగా పడుకుంటాయి. వాటిని పక్కకు నెట్టడానికి యంత్రాలు వేసుకుని మనుషులు తిరుగుతుంటారు. ఎడమ చేతి వైపు మాత్రం ఇంకో రకం బోర్డులు. లోపలికి అడుగు పెట్టకూడదట!

రోడ్డు చివర ఇసుక ఆగిపోతుంది. నల్లటి రాతిగుట్టలు, వాటి మీద పసుపు, నీలం, ఎరుపు రంగుల ఇళ్లు, గుట్ట కొసన ఓ చర్చి, దాని వెనక అట్లాంటిక్ మహాసముద్రం. ఆ ఊరి పేరు లూడెరిట్జ్. 2022 సెప్టెంబరులో మన కూనో అడవికి ఎనిమిది చీతాలను పంపిన నమీబియా దేశంలో, నైరుతి మూలన ఉంది. జనాభా ఇరవై వేలలోపే. రాజధాని విండ్‌హోక్ నుంచి కీట్మన్స్‌హూప్ మీదుగా ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. పొరపాటున దారిలో తగిలే ఊరు కాదిది. పనిగట్టుకుని రావాల్సిందే.

సముద్రం పక్కనే ఉంటే ఎడారి ఎలా అయిందన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అంతా బెంగ్వేలా మహిమ. అది ఈ తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి పారే చల్లటి సముద్ర ప్రవాహం. దాని మీది గాలి కూడా చల్లబడి కిందనే ఉండిపోతుంది. పైకి లేస్తేనే కదా మబ్బు పట్టేది! అందుకే ఇక్కడ వాన లేదు, పొగమంచే ఉంది. కరవు జిల్లా అని మనం జాలిపడే అనంతపురంలోనే ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. లూడెరిట్జ్‌లో 20 మిల్లీమీటర్లు పడితే గొప్ప. నీళ్లలో దిగుదామనుకుంటే ఒళ్లు జివ్వుమంటుంది. గోవాలాగా ఉంటుందనుకుని వచ్చేవాళ్లకు మొదటి రోజే నీరసం వస్తుంది. ఇసుకలో కుర్చీలూ గొడుగులూ, రాత్రిళ్లు సంగీతం... అవేవీ ఉండవు.

ఉండేదల్లా గాలి. అలాంటిలాంటి గాలి కాదు. తెరచాపలాంటి గాలిపటాన్ని పట్టుకుని పలక మీద నిలబడి నీళ్ల మీద దూసుకుపోయే ఆటగాళ్లు ఏటా పోటీలకు వచ్చేది ఈ గాలి కోసమే. 2010లో రాబ్ డగ్లస్ అనే అమెరికన్ ఇక్కడే 55.65 నాట్ల వేగం అందుకున్నాడు. అంటే గంటకు 103 కిలోమీటర్లు! బస్సంత వేగం కూడా కాదు, అంతకు మించి... ఒక చెక్క మీద.

ఊరంతా కాలినడకన చుట్టేయొచ్చు. గుట్ట మీద 1912లో కట్టిన ఫెల్సెన్‌కిర్చె చర్చిలో సాయంత్రపు ఎండ రంగుటద్దాల్లోంచి పడుతుంటే చూడాలి. పూజాపీఠం వెనకున్న అద్దాన్ని జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ కానుకగా ఇచ్చాడు. కాస్త పక్కన గోర్కె భవనం. బెర్లిన్ వీధుల్లో ఉండాల్సిన ఇంటిని ఎవరో ఎత్తుకొచ్చి ఎడారి రాయి మీద దించినట్టు ఉంటుంది. రేవు దగ్గర ఆయిస్టర్లు, ఎండ్రికాయలకు అన్నలాంటి క్రేఫిష్. సముద్రపు తిండి ఇష్టపడేవాళ్లకు అదృష్టం. శాకాహారులు మాత్రం ఏదో ఒకటి వెంట తెచ్చుకోవడమే మేలు.

ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో డియాజ్ పాయింట్ అనే రాతి మొన ఉంది. 1488లో బర్తొలోమియో డియాజ్ ఆఫ్రికా చివరంటా వెళ్లి తిరిగొస్తూ ఇక్కడ రాతి సిలువ నిలబెట్టాడు. మన దేశానికి సముద్రపు దారి వెతుకుతూ వచ్చినవాడే. ఆ మొనకు ఎదురుగా హాలిఫాక్స్ దీవి. బైనాక్యులర్స్ పెట్టి చూస్తే నల్లకోటు తొడుక్కుని తప్పటడుగులు వేస్తూ పెంగ్విన్లు! ఎడారి ఒడ్డున పెంగ్విన్లేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ చల్లటి నీళ్ల చలవే అది. కానీ వాటి కథ అంత చలవగా లేదు. ఈ దీవుల మీద వేల ఏళ్లుగా పక్షుల రెట్ట గుట్టలుగా పేరుకుంది. పెంగ్విన్లు అందులో బొరియలు చేసుకుని గుడ్లు పెట్టేవి. 1843లో ఆ రెట్ట పొలాలకు మంచి ఎరువని యూరప్ వాళ్లకు తెలిసింది. ఇంకేముంది... ఉత్తరాన ఉన్న ఇచబో దీవి చుట్టూ ఒక దశలో నాలుగు వందలకు పైగా ఓడలు లంగరేశాయి. ఏడు మీటర్ల మందాన ఉన్న రెట్టను రెండు మూడేళ్లలో రాయి తేలేదాకా గోకి పట్టుకుపోయారు. గూడు పోయింది. ఆ తర్వాతి శతాబ్దంలో మితిమీరిన చేపలవేటతో కూడూ పోయింది. 2024లో ఈ జాతిని పూర్తిగా అంతరించిపోయే ప్రమాదం అంచున ఉన్నవాటి జాబితాలోకి చేర్చారు. నమీబియా, దక్షిణాఫ్రికా రెండు దేశాల్లో కలిపి పదివేల జంటలు కూడా లేవు.

ఇంతకీ ఎడమ చేతి వైపున్న ఆ బోర్డుల సంగతి.

1908 ఏప్రిల్. లూడెరిట్జ్ నుంచి ఎడారిలోకి కొత్తగా రైలుమార్గం వేశారు. పట్టాల మీదికి వచ్చే ఇసుకను పారలతో ఎత్తిపోయడం కూలీల పని. వాళ్లలో జకరియాస్ లెవాలా అనే అతను అంతకుముందు దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రాల గనుల్లో పనిచేసి వచ్చాడు. పారలో మెరిసిన రాయి ఏమిటో అతనికి చూడగానే తెలిసింది. తీసుకెళ్లి పైఅధికారి ఆగస్ట్ స్టౌఖ్ చేతిలో పెట్టాడు. ఉబ్బసానికి పొడిగాలి మంచిదని డాక్టర్లు చెబితే జర్మనీ నుంచి వచ్చి ఎడారిలో ఉద్యోగం చేసుకుంటున్నవాడు స్టౌఖ్. అతను కోటీశ్వరుడయ్యాడు. లెవాలాకు ఏమీ దక్కలేదు. (ఆ కోట్లూ నిలవలేదు. ఆర్థికమాంద్యంలో అన్నీ పోయి 1947లో స్టౌఖ్ పేదవాడిగానే పోయాడు. అది వేరే కథ.)

మన కర్నూలు, అనంతపురం జిల్లాల వాళ్లకు ఈ కథ వింతగా అనిపించదు. తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చుట్టుపక్కల తొలకరి వాన పడగానే జనం పొలాల్లో వంగి వజ్రాల కోసం వెతకడం ఏటా చూస్తున్నదే. అక్కడ వాన కడిగితే రాయి బయటపడుతుంది, ఇక్కడ ఆ పని గాలి చేస్తుంది. తేడా ఏమిటంటే లూడెరిట్జ్ దగ్గర అవి ఒకటీ అరా దొరకలేదు. పోమోనా అనే చోటికి దగ్గర్లో ఒక లోయ ఉంది. స్టౌఖ్ భార్య పేరు మీద ఇడా లోయ అన్నారు. అక్కడ వజ్రాలు ఇసుక మీద ఊరికే పడి ఉండేవి. కూలీలను వరసగా నేలమీద బోర్లా పడుకోబెట్టి, పాకుతూ ఏరించేవారు. వెన్నెల రాత్రిళ్లు ఇంకా తేలికట. మెరిసిన చోటల్లా చెయ్యి పెట్టడమే!

వెంటనే ఒక ఊరు లేచింది. లూడెరిట్జ్‌కు పది కిలోమీటర్ల దూరంలో కోల్‌మన్స్‌కోప్. ఇసుకతుపానులో ఎద్దులబండి వదిలేసిన కోల్‌మన్ అనే బండివాడి పేరే దీనికి వచ్చిందంటారు. మూడొందల మంది జర్మన్ల కోసం అక్కడ ఏమేం పెట్టారో చూడండి: నాట్యశాల, నాటకాల వేదిక, బౌలింగ్ ఆట, బడి, ఎక్స్‌రే యంత్రంతో ఆసుపత్రి, ఇంటింటికీ పొద్దున్నే మంచుదిమ్మలు పంచే ఐసు ఫ్యాక్టరీ. చుక్క నీరు లేని చోట! తాగే నీళ్లు కేప్‌టౌన్ నుంచి ఓడల్లో వచ్చేవి. మరో ఎనిమిది వందల మంది ఒవాంబో తెగ కూలీలు ఉండేవాళ్లు. వాళ్లకు ఈ నాట్యశాలతో సంబంధం లేదు. ఎక్స్‌రే యంత్రం మాత్రం వాళ్లకూ ఉపయోగపడింది. ఒంట్లో రాళ్లు దాచుకున్నారేమోనని చూడటానికి.

1928లో దక్షిణాన ఆరెంజ్ నది మొగ దగ్గర ఇంతకన్నా పెద్ద వజ్రాలు దొరికాయి. యంత్రాలూ మనుషులూ అటు కదిలారు. 1956కల్లా కోల్‌మన్స్‌కోప్‌లో ఎవరూ మిగల్లేదు. మనుషులు వెళ్లాక ఇసుక వచ్చింది. ఇప్పుడు వెళ్తే గుమ్మాల్లోంచి, కిటికీల్లోంచి గదుల నిండా తిన్నెలు. తలుపు సగం దాకా మూసుకుపోయి ఉంటుంది. గోడ మీద నీలంరంగు ఇంకా వెలిసిపోలేదు. స్నానాలగది తొట్టిలో ఇసుక. ఫోటోలు తీసేవాళ్లు తెల్లవారకముందే లోపలికెళ్లేందుకు ప్రత్యేక అనుమతి తీసుకుని మరీ వస్తారు. మామూలు సందర్శకులు కూడా పొద్దున పూటే చూసుకోవాలి. మధ్యాహ్నమైతే గాలి ఇసుకను మొహాన కొడుతుంది. నేల మీద గుండ్రటి అడుగుజాడలు కనిపిస్తే అవి కుక్కవి కావు, గోధుమరంగు హైనావి. తీరంలో సీల్ పిల్లలను తిని బతికే ఈ జంతువులు పాడుబడ్డ ఇళ్లలో కాపురం పెట్టాయి.

వజ్రాలు దొరికిన అయిదు నెలలకే, 1908 సెప్టెంబరులో జర్మన్ ప్రభుత్వం ఒక గీత గీసింది. ఆరెంజ్ నది నుంచి 26వ అక్షాంశం దాకా, తీరం నుంచి లోపలికి వంద కిలోమీటర్లు... అనుమతి లేకుండా ఎవరూ కాలు పెట్టకూడదు. సుమారు 26 వేల చదరపు కిలోమీటర్లు. పేరు 'స్పెర్‌గెబీట్', అంటే నిషిద్ధ ప్రాంతం. జర్మన్లు పోయి దక్షిణాఫ్రికా వచ్చింది, 1990లో నమీబియా స్వతంత్రమైంది. ప్రభుత్వాలు మారినా కంచె మారలేదు. గనులు తవ్వింది ఈ ప్రాంతంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. మిగతా నేలంతా ఊరికే ఉండిపోయింది. ఇల్లు లేదు, మేక లేదు, టైరు గుర్తు లేదు. వందేళ్ల తర్వాత శాస్త్రవేత్తలు వెళ్లి చూస్తే వెయ్యికి పైగా మొక్కల జాతులు! ఆకుల్లో నీళ్లు దాచుకుని పొగమంచు తాగి బతికేవి, గులకరాయిలా నటించేవి. 2008లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. ఎవరూ దాన్ని కాపాడాలనుకోలేదు. రాళ్లు పోతాయని భయపడ్డారు, అంతే.

ఆ భయం దాచిపెట్టింది మొక్కలనొక్కటే కాదు. అదే 2008లో ఆరెంజ్ నది మొగ దగ్గర వజ్రాల కోసం సముద్రపు ఇసుక తోడుతుంటే పాత ఓడ ఒకటి బయటపడింది. రెండు వేలకు పైగా బంగారు నాణేలు, టన్నుల కొద్దీ రాగి కడ్డీలు, వందకు పైగా ఏనుగు దంతాలు. 1533లో లిస్బన్ నుంచి బయల్దేరి మాయమైన బొం జెసుస్ అనే పోర్చుగీసు ఓడే ఇదని చరిత్రకారుల నమ్మకం. అది ఎక్కడికి వెళ్తోందనుకున్నారు? మన దేశానికే! ఆ రాగి ఇచ్చి మిరియాలు కొనుక్కోవాలని. మరో తీరమైతే అయిదు వందల ఏళ్లలో ఎవరో ఒకరు తవ్వి అమ్ముకునేవారు. వజ్రాల కంచె లోపల ఉంది కాబట్టి నాణెం కూడా చెదరలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ లూడెరిట్జ్ ప్రశాంతతలో ఇంకో భాగం ఉంది. అది తెలియకుండా తిరిగొస్తే ఆ ఊరిని సగమే చూసినట్టు.

ఊరి పేరే ఒక మోసం గుర్తు. 1883లో అడాల్ఫ్ లూడెరిట్జ్ అనే జర్మన్ పొగాకు వ్యాపారి తన మనిషిని పంపి, బెథానీ నామా తెగ పెద్ద జోసెఫ్ ఫ్రెడరిక్స్ దగ్గర ఈ రేవు కొనిపించాడు. తర్వాత ఇరవై మైళ్ల వెడల్పున తీరం పొడవునా నేల కొన్నాడు. ఇచ్చింది కొంత సొమ్ము, కొన్ని తుపాకులు. ఫ్రెడరిక్స్‌కు తెలిసిన మైలు ఇంగ్లిషు మైలు, అంటే 1.6 కిలోమీటర్లు. ఒప్పందం అయ్యాక లూడెరిట్జ్ 'మాది జర్మన్ మైలు' అన్నాడు. అది 7.4 కిలోమీటర్లు! 32 కిలోమీటర్లనుకున్నది 148 అయి కూర్చుంది. అన్నట్టు, ఆ వ్యాపారికి కూడా కలిసిరాలేదు. అప్పులపాలై భూములన్నీ అమ్ముకుని 1886లో సముద్రంలో గల్లంతయ్యాడు. తన ఇసుకలో ఏముందో తెలియకుండానే.

ఇరవై ఏళ్ల తర్వాత నామాలు, హెరెరోలు జర్మన్ల మీద తిరగబడ్డారు. పట్టుబడినవాళ్లను, ఆడవాళ్లనూ పిల్లలనూ కలిపి, లూడెరిట్జ్ రేవులోని షార్క్ దీవికి తెచ్చారు. 1905 నుంచి 1907 దాకా అక్కడ శిబిరం నడిచింది. లోపల దేశపు వెచ్చదనంలో పుట్టిపెరిగినవాళ్లు. కప్పుకోవడానికి గుడ్డ లేకుండా ఆ గాలికీ, మంచుకూ, ఆకలికీ పిట్టల్లా రాలిపోయారు. వెయ్యి నుంచి మూడు వేల దాకా రకరకాల అంచనాలున్నాయి. బతికున్నవాళ్లతో రేవు పనులూ, రైలుమార్గం పనులూ చేయించారు. అవును, లెవాలాకు వజ్రం దొరికిన ఆ పట్టాలే. నామాల నాయకుడు కొర్నేలియస్ ఫ్రెడరిక్స్ 1907 ఫిబ్రవరిలో ఈ దీవి మీదే చనిపోయాడు. ఆయనది కూడా బెథానీయే. చనిపోయినవాళ్ల తలలు 'పరిశోధన' పేరుతో బెర్లిన్‌కు చేరాయి. 2011లో మొదటి విడతగా 20 పుర్రెలు తిరిగొచ్చాయి. 2021లో జర్మనీ ఇది జాతిహననమేనని ఒప్పుకుంది. ముప్ఫై ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామంది. మాతో మాట్లాడకుండా మీలో మీరే ఒప్పందం రాసుకుంటారా అని నామా, హెరెరో పెద్దల్లో చాలామంది దాన్ని తిప్పికొట్టారు.

దీవిని తర్వాత కట్టతో ఒడ్డుకు కలిపేశారు. ఏళ్ల తరబడి అది పర్యాటకులు టెంట్లు వేసుకునే చోటు. ఊళ్లోకెల్లా మంచి దృశ్యం అక్కడి నుంచే కనిపిస్తుంది కూడా. మాంసం కాల్చుకుంటూ సూర్యాస్తమయం చూసే చాలామందికి తాము ఎక్కడ కూర్చున్నారో తెలియదు. తెలిసినవాళ్లు మాత్రం కొర్నేలియస్ స్మారకం దగ్గర కాసేపు నిలబడి, బస ఊళ్లోనే చూసుకుంటున్నారు. 2013లో ఈ నియోజకవర్గం పేరు నామా భాషలోకి మారింది. నాలుకతో టక్కుమని చప్పుడు చేసి పలకాల్సిన పేరు. ఊరి పేరు మాత్రం ఇంకా ఆ మైళ్ల వ్యాపారిదే.

ఇప్పుడు ఈ తీరానికి కొత్త బేరం వచ్చింది. మొదట పక్షి రెట్ట, తర్వాత నేల, ఆ తర్వాత వజ్రాలు. ఈసారి గాలి. ఆ గాలితో, ఎండతో కరెంటు తీసి, సముద్రపు నీటిని మంచినీరు చేసి, దాంట్లోంచి హైడ్రోజన్ విడగొట్టి విదేశాలకు పంపాలని నమీబియా ప్రభుత్వం ఆలోచన. 2021లో హైఫెన్ అనే సంస్థను ఎంపిక చేసింది. సుమారు వెయ్యి కోట్ల డాలర్ల ప్రాజెక్టు, దాదాపు నాలుగు వేల చదరపు కిలోమీటర్ల స్థలం. ఆ స్థలం ఎక్కడంటే జాతీయ పార్కులోనే. వందేళ్లు మనిషి అడుగు పడని మొక్కల మధ్య. పైగా 2022లో దక్షిణాన సముద్రం లోపల చమురు దొరికింది. దాంతో లూడెరిట్జ్ రేవును పెంచాలన్న ప్రయత్నం ఊపందుకుంది. రేవు పక్కనే షార్క్ దీవి. ఆ నేలలో, ఆ నీళ్లలో తమ తాతల ఎముకలున్నాయి, ముందు వాటి సంగతి తేల్చమంటున్నారు నామాలు.

ఊరివాళ్లను అడిగితే అందరిదీ ఒక మాట కాదు. క్రేఫిష్ తగ్గిపోయింది, చేపల ఫ్యాక్టరీల్లో పని తగ్గింది, చదువుకున్న పిల్లలు విండ్‌హోక్ వెళ్లిపోతున్నారు. 'ప్రశాంతంగా ఉంది' అని చూసిపోయేవాళ్లు అంటారు, ఉండేవాళ్లకు ఆ ప్రశాంతతే నిరుద్యోగం. స్వచ్ఛమైన ఇంధనం కావాలని ప్రపంచమంతా అంటున్నప్పుడు ఇక్కడ వద్దనడం ఎలా అన్నది ఒక వాదన. ఉండాల్సిందే, కానీ పార్కు బయట పెట్టుకోండన్నది ఇంకోటి. కొనుగోలుకు ముందుకొచ్చిన జర్మన్ కంపెనీ ఒకటి 2025లో వెనక్కి తగ్గింది. ప్రభుత్వం మాత్రం ఆశ వదులుకోలేదు.

వెళ్లాలనుకునేవాళ్లు కనీసం మూడు రోజులు పెట్టుకోవాలి. దారిలో గరూబ్ దగ్గర కచ్చితంగా ఆగాలి. ఆవిరి రైళ్ల కోసం అక్కడ తవ్విన బోరు ఉంది. రైళ్లు పోయాక ఆ నీళ్లు తాగుతూ ఎడారి గుర్రాల మంద బతుకుతోంది. ఎప్పటివో యుద్ధకాలపు గుర్రాల సంతతి. ఏ నెలలో వెళ్లినా స్వెట్టరు పట్టుకెళ్లాలి. నిషిద్ధ ప్రాంతంలోపల సముద్రం ఒడ్డున బోగెన్‌ఫెల్స్ అనే 55 మీటర్ల ఎత్తు రాతి తోరణం ఉంది. దాన్ని గైడుతోనే చూడాలి. పాస్‌పోర్టు వివరాలు ముందే పంపి అనుమతి తెచ్చుకోవాలి. లోపల గైడు మొట్టమొదట చెప్పే మాట ఒకటే: ఫోటోలు ఎన్నయినా తీసుకోండి, నేలమీద ఏదైనా మెరిస్తే మాత్రం వంగకండి.